ఫీజు కట్టలేక ఇంజనీరు కాలేకపోయిన జె.జె. థామ్సన్

హైస్కూలు భౌతికశాస్త్రం పుస్తకంలో ఎలక్ట్రాన్ పాఠం దగ్గర జె.జె. థామ్సన్ పేరు ఒక్క లైనులో వచ్చి పోతుంది. పుచ్చకాయ నమూనా అని ఒక బొమ్మ, పక్కన ఒక సంవత్సరం, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. మేమూ అలాగే చదివి, రాసి, మరచిపోయాం. ఇదే హాస్టల్లో ఉండి డిగ్రీ పూర్తి చేసి, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో చేరి, ప్రాజెక్టు కోసం బాక్టీరియాలోని కొవ్వు ఆమ్లాలను మాస్ స్పెక్ట్రోమీటర్ మీద గుర్తించే పనిలో పడ్డాక ఆ పేరు మళ్లీ ఎదురైంది. ఆ యంత్రానికి మూలపురుషుడు ఈయనే. ఆయన జీవితం గురించి చదివితే మన హాస్టల్ వాళ్లకు చెప్పవలసిన సంగతులు చాలా కనిపించాయి. ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు వేరే ఆలోచన రాలేదు.

జోసెఫ్ జాన్ థామ్సన్ 1856 డిసెంబరు 18న ఇంగ్లాండులోని మాంచెస్టర్ నగర శివారు చీతమ్ హిల్‌లో జన్మించారు. తండ్రికి పాత పుస్తకాల దుకాణం ఉండేది. అది తాతల నాటి వ్యాపారం. ఇంట్లో పుస్తకాలకు కరువు లేదు కానీ, ప్రతి పైసా లెక్క చూసుకోవలసిన సంసారమే. మాంచెస్టర్ అప్పటికే నూలు మిల్లులకూ యంత్రాలకూ పేరుపడ్డ ఊరు. అలాంటి ఊళ్లో తెలివైన కొడుకును ఇంజనీరు చేయాలని ఏ తండ్రికైనా ఉంటుంది. అయితే ఆ రోజుల్లో ఇంజనీరు కావాలంటే ఎంట్రన్స్ రాసి కాలేజీలో సీటు తెచ్చుకోవడం కాదు. ఏదో ఒక కంపెనీలో అప్రెంటిస్‌గా చేరాలి. చేరేటప్పుడు పని నేర్పినందుకు మనమే కంపెనీకి పెద్ద మొత్తం ముందుగా కట్టాలి. షార్ప్ స్టూవర్ట్ అనే రైలింజన్ల కంపెనీలో చేర్పించాలని తండ్రి అనుకున్నారు. అక్కడ ఖాళీ వచ్చేదాకా ఆగాలి. ఈలోగా పిల్లవాడు ఊరికే ఉండడమెందుకని 1870లో, పద్నాలుగేళ్లు నిండీ నిండకుండానే ఓవెన్స్ కాలేజీలో చేర్చారు. ఒక నూలు వ్యాపారి చనిపోతూ రాసిచ్చిన ఆస్తితో పెట్టిన కాలేజీ అది. నీ మతమేమిటని అడగకుండా అందరినీ చేర్చుకునేది. తరువాతి కాలంలో అదే మాంచెస్టర్ విశ్వవిద్యాలయమైంది.

1873లో తండ్రి చనిపోయారు. థామ్సన్‌కు అప్పుడు పదహారేళ్లు. కింద ఒక తమ్ముడు. అప్రెంటిస్ డబ్బు కట్టే దారి లేకపోయింది. ఇంజనీరు మాట అక్కడితో ముగిసింది.

ఆ డబ్బు లేకపోవడమే లోకానికి మేలయిందని, లేకుంటే ఆయన రైలింజన్లు బాగుచేసుకుంటూ ఉండిపోయేవారని కొందరు అంటారు. మాకు ఆ మాట రుచించదు. పేదరికం ఆయన్ని శాస్త్రవేత్తను చేయలేదు. ఓవెన్స్ కాలేజీలో ఆయన గెలుచుకున్న స్కాలర్‌షిప్పులు చేశాయి. అవి లేకుంటే ఆ పదహారేళ్ల పిల్లవాడు ఏ కొట్లోనో లెక్కలు రాసుకుంటూ కూర్చునేవాడు, ఎలక్ట్రాన్‌ను ఇంకెవరో కనిపెట్టేవారు. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనుషులం మేమే. రెన్యువల్ ఫారం ఆఖరి తేదీ అంటే ఏమిటో మాకు తెలుసు. అందుకని ఈ ఒక్క విషయంలో పెద్ద రచయితలతో మేము ఏకీభవించలేం.

ఓవెన్స్‌లో ఆయనకు గురువులు గట్టివాళ్లు దొరికారు. ఇంజనీరింగులో ఆస్బోర్న్ రేనాల్డ్స్. ద్రవాల ప్రవాహం గురించి చదివేటప్పుడు రేనాల్డ్స్ సంఖ్య అని వస్తుందే, ఆ రేనాల్డ్స్. భౌతికశాస్త్రంలో బాల్ఫోర్ స్టూవర్ట్. గణితంలో థామస్ బార్కర్. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీ స్కాలర్‌షిప్పుకు పోటీపడమని ప్రోత్సహించింది బార్కర్ గారే. 1876లో థామ్సన్ ట్రినిటీలో చేరారు. చిన్న స్కాలర్‌షిప్పుతో పాటు సబ్‌సైజర్‌గా ఆయనకు చోటు దొరికింది. సైజర్ అంటే తక్కువ ఖర్చుతో కాలేజీలో ఉండి చదువుకునే పేద విద్యార్థి. ఇంకా పాత కాలంలో అయితే సైజర్లు డబ్బున్న విద్యార్థులకు భోజనాల దగ్గర వడ్డించాలి, పనులు చేసిపెట్టాలి. న్యూటన్ కూడా అదే కాలేజీలో అలా చేరినవారే. థామ్సన్ నాటికి వడ్డించే పనులు పోయాయి, పేరు మాత్రం మిగిలింది.

అక్కడ ఆయన పుస్తకం వదలలేదు. ఎడ్వర్డ్ రౌత్ అనే ప్రసిద్ధ కోచ్ దగ్గర గణితం అభ్యసించారు. ట్యూషన్లూ కోచింగులూ మన దగ్గరే పుట్టాయనుకుంటాం గానీ, అక్కడ అప్పటికే అదొక పెద్ద వ్యవస్థ. 1880లో గణితం ఆనర్స్ పరీక్షలో రెండో ర్యాంకు వచ్చింది. మొదటి ర్యాంకు జోసెఫ్ లార్మర్‌ది. అదే ఏడాది ట్రినిటీలో ఫెలో అయ్యారు. ఇక అన్నం గురించీ గది గురించీ దిగులు లేదు.

1884 డిసెంబరులో, 28 ఏళ్లు నిండిన కొద్ది రోజులకే, కావెండిష్ ప్రయోగశాలకు ప్రొఫెసర్‌గా ఎన్నికయ్యారు. అంతకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు మాక్స్‌వెల్, రాలే. పోటీలో నిలిచినవాళ్లలో ఆయనకు పాఠం చెప్పిన రేనాల్డ్స్ కూడా ఉన్నారు. అప్పటిదాకా థామ్సన్ చేసింది ఎక్కువగా గణితమే. ప్రయోగశాలను ఇంత కుర్రవాడికి అప్పగించడమేమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. వాళ్ల అనుమానానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆయన చేతులు పనికి తిరిగేవి కావు. గాజు పరికరం ముట్టుకుంటే పగులుతుందని ల్యాబులో భయం. ఏ భాగం ఎందుకు పనిచేయడంలేదో చూసి చెప్పగలరు, తన చేత్తో బిగించలేరు.

ఇక్కడ ఒక మనిషి గురించి తప్పక చెప్పాలి. ఎబెనీజర్ ఎవరెట్. ఆయన థామ్సన్‌కు సహాయకుడు. దాదాపు నలభై ఏళ్లు ఆయన దగ్గరే పనిచేశారు. గాజు గొట్టాలు ఊది తయారుచేసింది, వాటిలోంచి రోజుల తరబడి గాలి తోడింది, ప్రయోగం నడిపింది ఎవరెట్. కాథోడ్ కిరణాల గొట్టమైనా, ఆ తరువాతి ధన కిరణాల గొట్టమైనా ఆయన చేతి పనే. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు లేదు. మన కాలేజీల్లో ల్యాబ్ అటెండరు రాని రోజు ప్రాక్టికల్ ఎలా నడుస్తుందో గుర్తు చేసుకుంటే ఎవరెట్ విలువ తెలుస్తుంది.

1890లో థామ్సన్ రోజ్ పేజెట్‌ను వివాహం చేసుకున్నారు. ఆమె కేంబ్రిడ్జి వైద్య ఆచార్యుని కుమార్తె. కావెండిష్‌లో పాఠాలు విని, ప్రయోగాలు చేసిన కొద్దిమంది స్త్రీలలో ఒకరు. అయితే కేంబ్రిడ్జి ఆడపిల్లలకు పూర్తి డిగ్రీలు ఇచ్చింది 1948లో. అంటే రోజ్ చదివిన చదువుకు అక్కడ పట్టా దొరికే రోజులు కావవి. పెళ్లితో ఆమె ప్రయోగాలు ఆగిపోయాయి. వారి కొడుకు జార్జి తరువాత 1937లో నోబెల్ బహుమతి పొందారు. థామ్సన్ గారి మతిమరుపు గురించి ఒక కథ చెప్పుకుంటారు. పాత ప్యాంటు మరీ వేలాడుతున్నదని ఎవరో అంటే కొత్తది కొనుక్కుని, మధ్యాహ్నం ఇంటికి వచ్చి మార్చుకుని ల్యాబుకు వెళ్లిపోయారట. మంచం మీద పాత ప్యాంటు చూసి, భర్త ఏమీ తొడుక్కోకుండా వెళ్లిపోయారేమోనని ఆమె కంగారుగా ల్యాబుకు ఫోన్ చేశారట.

1895లో కేంబ్రిడ్జి ఒక నియమం మార్చింది. వేరే విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ చదివినవాళ్లు కూడా వచ్చి పరిశోధన చేయవచ్చని తలుపు తెరిచింది. ఆ తలుపులోంచి మొదట వచ్చినవాళ్లలో న్యూజిలాండ్ నుంచి స్కాలర్‌షిప్ మీద వచ్చిన ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ ఒకరు. తరువాత పరమాణు కేంద్రకాన్ని కనిపెట్టింది ఆయనే. తన గురువు గీసిన పుచ్చకాయ బొమ్మను చెరిపింది కూడా ఆయనే. బయటి ఊళ్ల నుంచి వచ్చిన ఇలాంటి కుర్రాళ్లే కావెండిష్‌కు బలమయ్యారు.

1897 గురించి పాఠాల్లో అందరం చదివాం కనుక త్వరగా చెప్పేస్తాం. గాలి తీసేసిన గొట్టంలో కాథోడ్ నుంచి వచ్చే కిరణాలను విద్యుత్తుతోనూ అయస్కాంతంతోనూ వంచి, అవి ఋణావేశం గల కణాలని, వాటి ద్రవ్యరాశి హైడ్రోజన్ పరమాణువులో వెయ్యో వంతు స్థాయిలో ఉంటుందని థామ్సన్ చూపారు. ఇప్పటి లెక్క సుమారు 1837వ వంతు. పరమాణువును విడగొట్టలేమనే నమ్మకం అక్కడితో పోయింది. వాయువుల్లో విద్యుత్ ప్రసారంపై చేసిన పరిశోధనలకు 1906లో నోబెల్ బహుమతి, 1908లో సర్ బిరుదు వచ్చాయి.

చాలామంది ఇక్కడితో ఆయన కథ ఆపేస్తారు. మాకు పనికొచ్చేది దీని తరువాతిది.

యాభై ఏళ్లు వచ్చాక, నోబెల్ కూడా వచ్చాక, ఆయన కొత్త పని మొదలుపెట్టారు. అదే గొట్టంలో ఎదురు దిశలో ప్రయాణించే ధన కిరణాలు ఉంటాయని జర్మనీలో గోల్డ్‌స్టీన్ 1886లోనే చూశారు. అవి ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న అణువులు, పరమాణువులు. వీటిని సన్నని రంధ్రం గుండా పంపి, విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం రెండూ ఒకేసారి ప్రయోగించి, చివర ఫోటో ప్లేటు పెట్టారు థామ్సన్. కళ్లంలో వడ్లు తూర్పార పట్టడం చూసిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. గాలికి గట్టి గింజ దగ్గరగా పడుతుంది, తాలు దూరంగా పడుతుంది. ఇక్కడ గాలి స్థానంలో అయస్కాంతం, విద్యుత్తు ఉన్నాయి. బరువైన అయాన్లు తక్కువ వంగుతాయి, తేలికవి ఎక్కువ వంగుతాయి. చిక్కల్లా ఏమిటంటే గొట్టంలో అన్ని అయాన్ల వేగం ఒక్కటి కాదు. అందుకని ఒకే ద్రవ్యరాశి గలవి ఒకే చుక్క దగ్గర పడవు, ఒకే వక్రరేఖ పొడుగునా పడతాయి. ఆ రేఖ పరావలయం. ఎన్ని పరావలయాలు ఉంటే, ద్రవ్యరాశికీ ఆవేశానికీ అన్ని నిష్పత్తులు ఉన్నట్టు.

1910లో ఫ్రాన్సిస్ ఆస్టన్ అనే యువకుడు సహాయకుడిగా వచ్చారు. ఇద్దరూ కలిసి నియాన్ వాయువును పరీక్షించారు. నియాన్ పరమాణు భారం 20.2 అని పుస్తకాలు చెబుతాయి. ప్లేటు మీద 20.2 దగ్గర గీత లేదు. 20 దగ్గర ఒకటి, 22 దగ్గర మసకగా ఇంకొకటి ఉన్నాయి. 1913లో ఈ సంగతి ప్రకటించారు. స్థిరమైన మూలకంలో ఐసోటోపులు కనిపించడం అదే మొదటిసారి. అయితే థామ్సన్ ఆ మాట వెంటనే ఒప్పుకోలేదు. రెండో గీత ఏదో కొత్త సమ్మేళనం కావచ్చని అనుమానించారు. యుద్ధం ముగిశాక 1919లో ఆస్టన్ మరింత సూక్ష్మమైన పరికరం తయారుచేసి, ఒకదాని తరువాత ఒకటిగా ఐసోటోపులు చూపి, 1922లో రసాయనశాస్త్ర నోబెల్ తీసుకున్నాక కూడా పెద్దాయన సందేహాలు పూర్తిగా తీరినట్టు కనిపించదు. ఈథర్ అనే పాత భావననూ ఆయన చివరిదాకా వదలలేదు. గొప్పవాళ్లందరూ అన్నీ ముందే చూశారని రాయడం మనకు అలవాటు. ఈయన విషయంలో అది నిజం కాదు.

ఒక విషయం మాత్రం అందరికంటే ముందు చూశారు. 1913లో ధన కిరణాల మీద వెలువరించిన పుస్తకంలో ఈ పద్ధతిని రసాయన విశ్లేషణకు వాడుకోమని కెమిస్టులకు చెప్పారు. పదార్థం మిల్లీగ్రాములో నూరో వంతు కంటే తక్కువ ఉన్నా చాలు, శుద్ధంగా ఉండనక్కరలేదు, క్షణంలో మాయమయ్యే రూపాలు కూడా ప్లేటు మీద కనిపిస్తాయి అన్నది ఆయన వాదన. మీథేన్ పెడితే పూర్తి అణువుతో పాటు ఒకటి, రెండు, మూడు హైడ్రోజన్లు మాత్రమే మిగిలిన ముక్కల గీతలు కూడా ఆయనకు కనిపించాయి. అణువు ముక్కలవుతుంది, ఆ ముక్కలను బట్టి అది ఏదో చెప్పవచ్చు. మా ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడింది.

కెమిస్టులు మూడు దశాబ్దాల దాకా పెద్దగా పట్టించుకోలేదు. 1918లో థామ్సన్ ట్రినిటీ కాలేజీకి మాస్టర్ అయ్యారు. సైజర్‌గా చేరిన కాలేజీకే అధిపతి. 1919లో కావెండిష్‌ను రూథర్‌ఫర్డ్‌కు అప్పగించారు. 1936లో స్వీయచరిత్ర వెలువరించారు. 1940 ఆగస్టు 30న, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా కన్నుమూశారు. ఆయన అస్థికలను వెస్ట్‌మినిస్టర్ ఆబీలో న్యూటన్ సమాధికి దగ్గరలో ఉంచారు.

ఆయన యంత్రం కెమిస్టుల చేతికి నిజంగా వచ్చింది ఆ తరువాతే. 1940లలో పెట్రోలియం కంపెనీలు మొదలుపెట్టాయి. కొవ్వు ఆమ్లాలు కొంచెం మొండివి. ఊరికే వేడిచేస్తే సులభంగా ఆవిరి కావు. మెథనాల్‌తో కలిపి మిథైల్ ఎస్టర్లుగా మార్చితే ఆవిరవుతాయి. 1950ల చివర స్వీడన్‌లో స్టెన్‌హాగెన్, రీహాగె అనే శాస్త్రవేత్తలు ఈ ఎస్టర్లు యంత్రంలో ఎలా విరుగుతాయో ఒక్కొక్కటిగా పరిశీలించి రాసిపెట్టారు. మనం ఇప్పటికీ ఆ బాటలోనే నడుస్తున్నాం.

బాక్టీరియా కణత్వచంలో కొవ్వు ఆమ్లాలుంటాయి. ఏవి ఎంత శాతం ఉన్నాయన్నది జాతిని బట్టి మారుతుంది. దాన్ని బట్టి బాక్టీరియాను గుర్తుపట్టవచ్చు. కానీ వేడి మారితే, ఆహారం మారితే అవీ మారిపోతాయి. అందుకని పోల్చవలసిన వాటన్నిటినీ ఒకే మీడియం మీద, ఒకే ఉష్ణోగ్రత వద్ద, ఒకే వయసుదాకా పెంచాలి. పెంచిన కణాలను గీకి తీసి, సోడియం హైడ్రాక్సైడు కలిపిన మెథనాల్‌లో మరిగిస్తే కణాలు పగిలి కొవ్వు ఆమ్లాలు సబ్బుగా విడిపోతాయి. తరువాత ఆమ్లం, మెథనాల్ కలిపి వేడిచేస్తే ఎస్టర్లవుతాయి. హెక్సేన్‌తో వాటిని పైకి తీసి, కడిగి, ఒక్క మైక్రోలీటరు యంత్రంలో ఎక్కిస్తాం. ముందు గ్యాస్ క్రొమటోగ్రాఫ్ వాటిని వరుసగా విడదీస్తుంది. ఒక్కొక్కటి బయటికి రాగానే 70 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో ఎలక్ట్రాన్లు దాన్ని కొడతాయి. 1897లో థామ్సన్ పట్టుకున్న కణమే ఇక్కడ సుత్తి.

స్పెక్ట్రం చదవడం నేర్చుకుంటే సరదాగా ఉంటుంది. 74 దగ్గర ఎత్తైన గీత కనిపిస్తే అది నిడుపాటి సంతృప్త ఆమ్లపు మిథైల్ ఎస్టర్ అని అనుకోవచ్చు. గొలుసు వంగి, నాలుగో కార్బన్ మీది హైడ్రోజన్ ఆక్సిజన్ మీదికి దూకి, రెండో కార్బన్ తరువాత తెగితే మిగిలే ముక్క బరువు 74. దీన్ని మెక్‌లాఫర్టీ అనే శాస్త్రవేత్త పేరుతో పిలుస్తారు. పక్కనే 87. కుడివైపు చివర పూర్తి అణువు గీత. అది 270 అయితే పామిటిక్, 298 అయితే స్టియరిక్. 74 బదులు 103 పెద్దదైతే మూడో కార్బన్ మీద హైడ్రాక్సిల్ ఉన్నట్టు. అలాంటివి గ్రామ్ నెగటివ్ బాక్టీరియా బయటి పొరలో ఉంటాయి కనుక, గ్రామ్ స్టెయినింగ్ సరిగా కుదరని రోజు ఈ 103 మమ్మల్ని ఆదుకుంది.

అన్నిటినీ ద్రవ్యరాశి ఒక్కటే తేల్చదు. బాసిల్లస్‌లో పదిహేను కార్బన్ల ఆమ్లాలు కొమ్మతో ఉంటాయి. కొమ్మ చివరి నుంచి రెండో కార్బన్ మీద ఉంటే ఐసో, మూడో దాని మీద ఉంటే యాంటిఐసో. రెండు ఎస్టర్ల బరువూ 256. స్పెక్ట్రాలు కవల పిల్లల్లా ఉంటాయి. క్రొమటోగ్రాఫ్ నుంచి ముందు ఐసో, వెంటనే యాంటిఐసో వస్తుంది కనుక, వచ్చిన సమయాన్ని బట్టే చెప్పాలి. ఈ.కొలైలో ఉండే మూడు కార్బన్ల వలయం గల ఆమ్లం, ఒక ద్విబంధం గల పదిహేడు కార్బన్ల ఆమ్లం కూడా ఇలాంటివే. రెండింటికీ 282. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఏ పేరు చూపిస్తే ఆ పేరు రికార్డులో రాసేయడం చాలామందికి అలవాటు. అలా రాయవద్దని జూనియర్లకు మా మనవి. స్టాండర్డ్‌తో సమయం సరిపోల్చుకోండి.

ఇదంతా డిగ్రీ కోసం చేసే లెక్కలు మాత్రమే కాదు. క్షయ బాక్టీరియాలో ట్యూబర్‌క్యులోస్టియరిక్ ఆమ్లం ఉంటుంది. పద్దెనిమిది కార్బన్ల గొలుసులో పదో కార్బన్ మీద ఒక మిథైల్ కొమ్మ. దాని ఎస్టర్ 312 దగ్గర కనిపిస్తుంది. మన శరీరం దాన్ని తయారుచేయదు. మెదడు పొరలకు క్షయ సోకినప్పుడు వెన్నునీటిలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. మైక్రోస్కోపులో దొరకవు, కల్చర్ చేస్తే వారాలు పడుతుంది, రోగి అంతవరకు ఆగలేడు. 1983లో ఈ ఆమ్లాన్ని వెన్నునీటిలో మాస్ స్పెక్ట్రోమీటర్‌తో పట్టుకుని రోగ నిర్ధారణకు వాడవచ్చని స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. యంత్రం ఖరీదైనది కనుక ఆసుపత్రుల్లో మామూలు పరీక్షగా స్థిరపడలేదు. తరువాత జన్యు పరీక్షలు ముందుకొచ్చాయి. అయినా మిల్లీగ్రాములో నూరో వంతు కంటే తక్కువ చాలు అని 1913లో ఆ పెద్దాయన చెప్పిన దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

మా దగ్గర యంత్రం లేదు. శాంపిల్‌కు ఇంత అని కట్టి వేరే సంస్థకు పంపుతాం, ఫలితాలు కాగితాల మీద వస్తాయి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా స్పెక్ట్రాలు చూడాలనుకుంటే మా ప్రాజెక్టు ప్రింట్లు హాస్టల్ రీడింగ్ రూములో ఒక సెట్టు పెట్టి వెళ్తాం. 74, 87, 103 గీతల కింద పెన్సిలుతో గుర్తులు పెట్టి ఉన్నాయి. ఐసో, యాంటిఐసో ఉన్న పేజీకి మాత్రం గుర్తులు పెట్టలేదు. అవి మీరే కనుక్కోండి.